వర్ధమాన కథకుల పట్టికలు – మన ఇంటి అమ్మాయిలు



ఆ మధ్య జూన్ నెలలో మా పుట్టిల్లు కూచిపూడి వెళ్ళాను. విజయవాడలో బస్సెక్కితే పామర్రు మీదుగా పెద్ద దూరమేం కాదు గాని, మనకి ఇల్లు కదలడమే గగనం కదా! వెళ్ళేసరికి వదిన వసారాలో మాగాయ ముక్కలు తిరగేస్తోంది. మా అన్నయ్య కూతురు, అంటే నా మేనకోడలు, పేపరు ముందేసుకుని కూర్చుంది. దానికి ఇరవై నాలుగో ఏడు. డిగ్రీ అయింది. కథలు రాస్తుంది. రాస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు, చదివినవాళ్ళు మాత్రం తక్కువ.

నన్ను చూడగానే, "అత్తా, నాకింకా పదకొండేళ్ళు టైముంది" అంది.

దేనికే అన్నాను. పేపర్లో వార్త చూపించింది. సాహిత్య అకాడెమీ వారు యువ పురస్కారాలు ప్రకటించారు. ముప్ఫై అయిదేళ్ళు దాటని రచయితలకు ఇస్తారట. అది వేళ్ళమీద లెక్క వేసుకుని ఆ మాట అంది. మాగాయ ముక్క తిరగేస్తున్న వదిన తలెత్తకుండానే, "పదకొండేళ్ళు అక్కడుందేమో, ఇక్కడ మాత్రం శ్రావణమాసం దాకానే" అంది. సంబంధాలు చూస్తున్నారు లెండి.

ఇద్దరి లెక్కా వింటూ నేనూ నా లెక్క వేసుకున్నాను. నలభై దాటి చాలా రోజులైంది. ఆ పట్టికలో చేరే వయసు నాకు తెలియకుండానే వెళ్ళిపోయింది. అది వెళ్ళిపోయిన సంవత్సరం నేనేం చేస్తున్నానా అని ఆలోచిస్తే, పెద్దవాడి టెన్త్ పరీక్షలు, చిన్నదాని టాన్సిల్స్ ఆపరేషను గుర్తొచ్చాయి.

ఈ వర్ధమాన రచయితల పట్టికలు అసలేమిటి, ఎవరు వేస్తారు, వాటివల్ల ఎవరికి మేలు, ముఖ్యంగా ఆడవాళ్ళకి వాటితో పేచీ ఎక్కడ వస్తుంది అన్నది ఈ వారం మీతో చెప్పాలనిపించింది. పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, నాకెందుకీ సాహిత్య చర్చ అంటారేమో! కథలు చదివేది మనం, కొనేది మనం. ఇంట్లో రాసే పిల్ల ఉంటే దాని కాగితాలు అటకమీద పెట్టాలా, బల్లమీద ఉండనివ్వాలా అని తేల్చేదీ మనమే. కనుక మనకి తెలియాలి.

ముందు మన దేశం సంగతి చూద్దాం. ఢిల్లీలో సాహిత్య అకాడెమీ 1954లో మొదలైంది. ఏటా ఒక్కో భాషలో ఒక పుస్తకానికి బహుమతి ఇస్తుంది. మన మాలతీ చందూర్‌గారికి 'హృదయ నేత్రి' నవలకి 1992లో వచ్చినది ఆ బహుమతే. ఆవిడ పుట్టింది నూజివీడులో, అంటే మన జిల్లా ఆడపడుచే. అయితే ఆ పెద్ద బహుమతి సాధారణంగా జుట్టు నెరిశాకగాని రాదు. రాయడం మొదలుపెట్టిన కుర్రకారుని పట్టించుకునేది ఎవరు అన్న మాట వచ్చి, 2011 నుంచి యువ పురస్కారం పెట్టారు. ఇరవై నాలుగు భాషలు. భాషకి ఒక్కరు. వయసు ముప్ఫై అయిదు దాటరాదు. యాభై వేల రూపాయలు, ఒక రాగి ఫలకం.

తెలుగులో మొదటి ఏడాది, 2011లో, వేంపల్లి గంగాధర్‌గారికి 'మొలకల పున్నమి' కథల పుస్తకానికి వచ్చింది. మరుసటి ఏడు వేంపల్లి షరీఫ్‌గారికి 'జుమ్మా' కథలకు వచ్చింది. పేర్లు చూసి అన్నదమ్ములేమో అనుకునేరు! కడప జిల్లా వేంపల్లె పేరది. వరసగా రెండేళ్ళు ఒకే ఊరి పేరు ఢిల్లీ పట్టికలో మోగిందన్నమాట. 2015లో పసునూరి రవీందర్‌గారి 'అవుటాఫ్ కవరేజ్ ఏరియా' కథలు, 2016లో చైతన్య పింగళిగారి 'చిట్టగాంగ్ విప్లవ వనితలు', 2019లో గడ్డం మోహనరావుగారి 'కొంగవాలు కత్తి' నవల, 2020లో మానస ఎండ్లూరిగారి 'మిళింద' కథలు, 2024లో రమేశ్ కార్తీక్ నాయక్‌గారి 'ఢావ్లో' కథలు, 2025లో ప్రసాద్ సూరిగారి 'మైరావణ' నవల. మధ్య సంవత్సరాల్లో కవిత్వానికి, వ్యాసానికి, విమర్శకి వెళ్ళింది. 2025 దాకా లెక్క చూస్తే పదిహేను మందిలో సగానికి పైగా కథ, నవల రాసినవాళ్ళే.

ఈ పేర్లు ఒకసారి నెమ్మదిగా చదువుకుంటే ఒక సంగతి తెలుస్తుంది. జుమ్మాలో రాయలసీమ ముస్లిం ఇళ్ళున్నాయి. ఢావ్లోలో బంజారా తండా ఉంది. పసునూరి, ఎండ్లూరి వారి పుస్తకాల్లో దళితుల బతుకుంది. మా అమ్మ చదివిన కథల్లో ఇవి పెద్దగా కనపడేవి కావు. మేడలు, కార్లు, కాలేజీలు, కాదంటే అగ్రహారాలు! పక్కింటి గోడ అవతల ఏముందో ఆ పిల్లలు చెబుతున్నారు. ఈ పట్టికవల్ల నాకు కలిగిన లాభం ఏమిటి అంటే నేను ఇదే చెబుతాను. పుస్తకాల షాపుకి వెళితే ఏం అడగాలో తెలియక మళ్ళీ వంటల పుస్తకమే కొనుక్కొచ్చే నాబోటిదానికి చేతిలో చీటీ దొరికింది. పచారీ కొట్టుకి చీటీ రాసుకుని వెళ్ళమూ? అలాగే.

పదిహేను మందిలో ఆడవాళ్ళు ఎంతమందో లెక్క పెట్టాను. చైతన్య పింగళి, కవయిత్రి మెర్సీ మార్గరెట్, మానస ఎండ్లూరి. ముగ్గురు. అయిదుగురిలో ఒకరు చొప్పున. ఎందుకలా అన్నది తరవాత వస్తాను.

ఇతర దేశాల్లో ఒక్కరికి బహుమతి ఇచ్చి ఊరుకోరు, ఇరవైమంది పేర్లు ఒకేసారి పట్టిక వేస్తారు. దీనికి పేరుపడ్డది ఇంగ్లండు. అక్కడ 'గ్రాంటా' అనే సాహిత్య పత్రిక ఉంది. 1983లో నలభై ఏళ్ళలోపు నవలాకారులు ఇరవైమందిని ఎంచి, ఆ దేశంలో రేపటి రచయితలు వీళ్ళేనని ప్రకటించారు. అది మొదట తలపెట్టింది సాహిత్యవేత్తలు కారు, పుస్తకాల అమ్మకం పెంచాలని చూసే వ్యాపార మండలి! దీపావళికి బట్టల షాపులవాళ్ళు కొత్త డిజైన్లు వరసపెట్టినట్టు. కాని పేర్లు మాత్రం బాగానే ఎంచారు. సల్మాన్ రష్దీ అందులో ఉన్నాడు. కజువో ఇషిగురో ఉన్నాడు. జపానులో పుట్టి చిన్నప్పుడే ఇంగ్లండు వెళ్ళిన ఆ కుర్రాడు అప్పటికి ఒక్క నవలే అచ్చు వేశాడు. 2017లో ఆయనకే నోబెల్ బహుమతి వచ్చింది. ఇరవైమందీ అంత ఎత్తుకి ఎదగలేదనుకోండి. నారుమడిలో మొక్కలన్నీ ఒకలాగే పచ్చగా కనిపిస్తాయి, నాటాక కదా తెలిసేది!

అప్పటినుంచి పదేళ్ళకొకసారి ఆ పత్రిక పట్టిక వేస్తూనే ఉంది. 1993, 2003, 2013, 2023. 1983 పట్టికలో ఆడవాళ్ళు ఆరుగురు. 2023 పట్టిక వచ్చేసరికి తిరగబడింది, మగవాళ్ళు నలుగురే. నలభై ఏళ్ళలో ఆడవాళ్ళ మెదడు మారిపోలేదు కదా. మరేం మారింది? చదువు, చేతిలో డబ్బు, ఒంటరిగా కూర్చునేందుకు ఒక తలుపున్న గది, ఎంచేవాళ్ళలో ఆడవాళ్ళు.

ఆ 1983 పట్టికలో ఒకావిడ గురించి మీకు చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఆవిడ పేరు బుచి ఎమెచెటా. నైజీరియా దేశపు మనిషి. పదహారేళ్ళకే పెళ్ళి. భర్తతో లండను చేరింది. ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి అయిదుగురు పిల్లలు. రాత్రి పూట, తెల్లవారుజామున, పిల్లలు నిద్రపోతున్నప్పుడు నోటుపుస్తకాల్లో నవల రాసుకుంది. మొదటి నవల. ఆ కాగితాలు భర్త చేతికి వచ్చాయి. చదివి ఏం చేశాడనుకున్నారు? తగలబెట్టాడు. ఆవిడ అయిదుగురు పిల్లల్నీ తీసుకుని బయటికి వచ్చేసింది. గ్రంథాలయంలో ఉద్యోగం చేసింది, సాయంకాలాలు చదువుకుంది, పిల్లల్ని పెంచింది, మళ్ళీ రాసింది. 1972లో మొదటి పుస్తకం వచ్చింది. కాల్చేసిన ఆ నవలను జ్ఞాపకంనుంచి తిరగరాసి 1976లో అచ్చు వేయించింది. 1983లో పట్టిక వేసేనాటికి ఆవిడకి ముప్ఫై ఎనిమిది దాటింది. మన యువ పురస్కారంలాగా ముప్ఫై అయిదు అని గీత గీసి ఉంటే ఆవిడ బయటే ఉండిపోయేది.

ఇదే నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట. వయసు గీత అందరికీ ఒకటే. నిజమే. కాని ఆ గీత లోపల ఉన్న కాలం అందరికీ ఒకటి కాదు. మగపిల్లాడికి ఇరవై అయిదు నుంచి ముప్ఫై అయిదు అంటే పదేళ్ళు. ఆడపిల్లకి ఆ పదేళ్ళలో పెళ్ళి, అత్తవారింట్లో సర్దుకోవడం, రెండు కాన్పులు, పసిపిల్లల జ్వరాలు, ఎల్‌కేజీ సీటు, ఉద్యోగముంటే ఆ ఉద్యోగం, మామగారి కాటరాక్ట్. ఇవన్నీ తీసేస్తే రాసుకోవడానికి మిగిలేది ఎంత? లెక్క మీరే వేసుకోండి, నాకంటే బాగా వేస్తారు. పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక, మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక కాగితం తీస్తాం. సరిగ్గా అప్పుడు గీత దాటేస్తాం.

మగవాళ్ళకైనా ఆ గీత ఏమంత న్యాయమైనదో చూడండి. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తువారు నవలల పోటీ పెట్టారు. బహుమతి ఇద్దరికి కలిపి వచ్చింది. విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు', అడవి బాపిరాజుగారి 'నారాయణరావు'. విశ్వనాథవారు మన కృష్ణాజిల్లా నందమూరులో పుట్టినవారు, బందరులో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి దగ్గర చదువుకున్నవారు. బాపిరాజుగారు ఆ తరవాత బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చారు. ఇద్దరూ పుట్టింది 1895లోనే అంటారు. పోటీనాటికి వాళ్ళకి సుమారు ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఇంగ్లండు పట్టికలో అయితే ఆఖరి నిమిషంలో బస్సెక్కినట్టు పడేవారు, మన ఢిల్లీ పట్టికలో మాత్రం ఇద్దరికీ చోటు లేదు! వేయిపడగలు అంత లావు పుస్తకాన్ని విశ్వనాథవారు ఇరవై తొమ్మిది రోజుల్లో చెబుతూ ఉంటే తమ్ముడు రాసిపెట్టారని ప్రతీతి. గొప్ప సంగతే. ఆ ఇరవై తొమ్మిది రోజులూ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారో, పిల్లల్ని ఎవరు ఊరుకోబెట్టారో ఆ చరిత్రలో ఎవరూ రాయలేదు. నేను తప్పుపట్టడం లేదండోయ్, ఊరికే గుర్తొచ్చింది.

మరి ముప్ఫై అయిదులోపే రాసి, రాసినదంతా గట్టిదైతే పట్టికలో తప్పక ఉంటామా? ఉంటామన్న పూచీ లేదు. దీనికి సాక్ష్యం మళ్ళీ మన జిల్లాలోనే ఉంది.

భండారు అచ్చమాంబగారు 1874లో నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో పుట్టారు. బాల్యంలోనే పెళ్ళయింది. బడి చదువు లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకుంటూ ఉంటే పక్కన కూర్చుని తెలుగు, హిందీ, మరాఠీ పట్టుకున్నారు. మన దేశపు స్త్రీల జీవిత చరిత్రలు వెతికి వెతికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అని పుస్తకం రాశారు. 1902లో 'హిందూసుందరి' పత్రికలో 'ధనత్రయోదశి' అనే కథ అచ్చయింది. అప్పుడామెకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ ఏడే బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టారు. 1905 జనవరిలో, ముప్ఫై ఏళ్ళకే, కన్నుమూశారు.

మన పాఠ్యపుస్తకాల్లో మొదటి తెలుగు కథ ఏది అంటే ఏం రాసేవాళ్ళం? గురజాడ వారి 'దిద్దుబాటు', 1910. నేనూ పరీక్షలో అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. ధనత్రయోదశి దానికి ఎనిమిదేళ్ళు ముందుది. పాతపత్రికలు తిరగేసినవాళ్ళు, స్త్రీల చరిత్ర తవ్వినవాళ్ళు దాన్ని బయటికి తీసి చూపించేదాకా ఆ పేరు మనదాకా రాలేదు. దిద్దుబాటు గొప్పతనం దీనివల్ల తరిగిపోదు. ఏది మొదటిదన్న వాదం పండితులకి ఇప్పటికీ ఉంది, వాళ్ళు చూసుకుంటారు. నేననేది ఒకటే. పట్టిక వేసేవాడు తన ఎదుట ఉన్న బీరువాలో చూసి వేస్తాడు. ఆ బీరువాలో ఆడవాళ్ళ పత్రిక లేకపోతే ఆడవాళ్ళ పేరుండదు. బందరులో ఆవిడ సమాజం పెట్టిన సంగతి, బందరుకి ముప్ఫై కిలోమీటర్లు లేని ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు నలభై ఏళ్ళు వచ్చాకే తెలిసిందంటే చూడండి.

ఇంక మా మండలం సంగతి చెప్పకపోతే మా వదిన ఊరుకోదు. కూచిపూడికి కూతవేటులో మొవ్వ, క్షేత్రయ్యగారి ఊరు. ఆ మొవ్వ మండలంలోనే కాజ అని ఊరుంది. 1940లో అక్కడ పుట్టిన అమ్మాయి పదహారేళ్ళకి, 1956లో, 'చిత్రనళినీయం' అనే కథ ఆంధ్రపత్రికలో వేయించుకుంది. ఆ అమ్మాయే యద్దనపూడి సులోచనారాణి. 'సెక్రటరీ', 'మీనా', 'జీవన తరంగాలు'. పేర్లు చెబితే చాలు, మీలో సగంమంది పమిట సర్దుకుని కూర్చుని ఉంటారు! ఆవిడ 2018లో అమెరికాలో కాలం చేశారు.

పదహారేళ్ళ పిల్లకి ఆ రోజుల్లో వర్ధమాన రచయితల పట్టిక ఎవరు వేశారు? ఎవరూ వేయలేదు. మరి ఎవరు ఎంచారు? వారపత్రిక సంపాదకుడు ఒకడు కథ చదివి అచ్చుకి పంపాడు. ఆ తరవాత ఎంచింది మన అమ్మలు. మా చిన్నప్పుడు అద్దెపుస్తకాల కొట్టు ఉండేది. ఆయన దగ్గర మీనా రెండు భాగాలూ ఎప్పుడు అడిగినా బయటికే వెళ్ళి ఉండేవి. తిరిగొచ్చినా అట్ట ఊడి, మొదటి పేజీలు నలిగి, కొన్నిచోట్ల పోపు మరకలు పడి ఉండేవి. పెద్ద విమర్శకులు ఆ నవలల్ని కాలక్షేపం అన్నారు. రాజశేఖరంలాంటి మగవాడు ఎక్కడా దొరకడు గనక వాళ్ళ మాటలో కొంత నిజముంది. కాని చదవడం అనే అలవాటును వేలాది వంటిళ్ళలోకి తెచ్చినది ఆ పుస్తకాలే. వాటికి రాగిఫలకం లేదు, పోపు మరక ఉంది. నాకు రెండూ కావాలి.

ఇప్పుడు అలా మొదలుపెట్టేందుకు పత్రికలు తగ్గిపోయాయి. ఆంధ్రపత్రిక లేదు, యువ లేదు. ఒకప్పుడు ఉగాదికి, దీపావళికి కథల పోటీలు పెట్టేవారు. తపాలాబిళ్ళ ఖర్చుతో ఇంట్లో కూర్చుని పోటీకి పంపేవాళ్ళం. ఆ పోటీలకి వయసు హద్దు ఉండేది కాదు. పురస్కారానికి పుస్తకం కావాలి. తెలుగులో కథల పుస్తకం వేయాలంటే చాలాసార్లు రచయితే డబ్బు పెట్టుకోవాలి. ఈ సంగతి చాలామందికి తెలియదు. అచ్చుకాగితం ఖర్చు, ముఖచిత్రం ఖర్చు, అచ్చయ్యాక సగం కాపీలు చుట్టాలకి, స్నేహితులకి ఊరికే పంచిపెట్టడం. ఒక గృహిణి, "నా కథలు పుస్తకంగా వేసుకుంటాను, డబ్బివ్వండి" అని భర్తని అడగడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పాలా? చంద్రహారం అడగడమే సులువు. కనుక పట్టికలో పేరు లేని ఆడపిల్ల రాయలేదని అనుకోకండి. రాసి ఉంటుంది, పుస్తకం వేసుకోలేకపోయి ఉంటుంది.

నా సంగతే చెబుతాను. ఇరవై రెండేళ్ళప్పుడు ఒక కథ రాసి ఒక పత్రికకి పంపాను. మూడు నెలలకి కవరు తిరిగొచ్చింది. లోపల నా కథ తప్ప ఒక్క ముక్క రాసిన చీటీ లేదు. ఆ కవరు మొదట మామగారి చేతిలో పడింది. ఆయన ఏమీ అనలేదు. "నీకు ఏదో వచ్చిందమ్మా" అని ఇచ్చారంతే. కాని నాకే సిగ్గేసి, దాన్ని పట్టుచీరల పెట్టె అడుగున పెట్టి మళ్ళీ పధ్నాలుగేళ్ళు కలం ముట్టలేదు. ముట్టేసరికి ముప్ఫై ఆరు. తిప్పి పంపినవాళ్ళది తప్పని నేననను, అది అంత మంచి కథ కూడా కాదు. ఎక్కడ బాగాలేదో ఒక్కరు చెప్పి ఉంటే అన్నదే నా బాధ.

అందుకే ఈ పట్టికల్ని నేను కొట్టిపారేయను. ఒక పిల్లకి "నువ్వు రాస్తున్నది మేం చూశాం" అని పదిమందిలో చెప్పేవాళ్ళు ఉండాలి. మా కూచిపూడిలో ఇది పాతకాలంనుంచి ఉన్నదే. వేదాంతం సత్యనారాయణశర్మగారికి 1961లో, ముప్ఫై ఏళ్ళైనా నిండకుండానే, కేంద్ర సంగీత నాటక అకాడెమీ బహుమతి వచ్చింది. అంత చిన్నవయసులో పొగిడితే పాడైపోతారంటారు కదా, ఆయన పాడైపోలేదు. ఆ తరవాత దశాబ్దాలపాటు సత్యభామ అంటే ఆయనే. ఆ జడ విసురు చూసి మా నాయనమ్మ, "ఆడదాన్నయి పుట్టి నాకు రాలేదు ఆ నడక" అనేది. అయితే అక్కడ ఒక తేడా ఉంది. నాట్యంలో పిల్ల గజ్జె కట్టినరోజు నుంచీ పక్కన గురువు ఉంటాడు. అడుగు తప్పితే తాళం మీద కర్ర ఆగిపోతుంది. కథ రాసే పిల్లకి ఆ కర్ర చప్పుడు లేదు. దానికి మొదటి ప్రేక్షకులం మనమే.

మొదటి ప్రేక్షకులుగా మనం చేయగలిగినవి నాకు తోచినంతవరకు చెబుతాను. ప్రతి జూన్‌లోనూ, లేదా ఆ ప్రాంతంలో, ఆ వార్త పేపర్లో ఒక మూల వస్తుంది. కత్తిరించి ఉంచుకోండి. అందులో కథ, నవల ఉంటే కొనండి, లేదా శాఖా గ్రంథాలయంలో తెప్పించమని అడగండి. పాఠకులు అడిగిన పుస్తకాల పేర్లు అక్కడ రాసుకుంటారు, అడగడమే మనం మరిచిపోతాం. గ్రంథాలయంలో 'కథ' అనే వార్షిక సంకలనం కూడా అడగండి. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్‌గార్లు 1990 నుంచి ఏటా మంచి కథల్ని ఎంచి కూర్చిన సంకలనాలవి. అదీ ఒక పట్టికే. కాని దానికి వయసు అడ్డం లేదు, సొంత పుస్తకం అక్కర్లేదు, పత్రికలో వచ్చిన ఒక్క మంచి కథ చాలు. ఆడవాళ్ళకి ఇలాంటి పట్టికే ఎక్కువ న్యాయం చేస్తుందని నా అభిప్రాయం.

ఇంట్లో రాసే అమ్మాయి ఉంటే దాని నోటుపుస్తకం పాతపేపర్లవాడికి వేయకండి. సంబంధం మాట్లాడేటప్పుడు, "పిల్లకి వంటవచ్చు, కుట్టువచ్చు" అంటాం కదా, "కథలు రాస్తుంది" అని కూడా నోరారా చెప్పండి. అది విని మొహం చిట్లించే ఇల్లు ఏదో ముందే తెలిసిపోవడం మంచిది కాదూ? ఇంగ్లండులోనే పెనెలోపి ఫిట్జెరాల్డ్ అనే ఆవిడ ముగ్గురు పిల్లల్ని పెంచి, పాఠాలు చెప్పి, అరవై ఏళ్ళ వయసులో, 1977లో, మొదటి నవల వేసింది. రెండేళ్ళు తిరిగేసరికి 1979లో బుకర్ బహుమతి పుచ్చుకుంది. ఆవిడ ఏ యువ రచయితల పట్టికకీ అందలేదు. మనలో గీత దాటినవాళ్ళకి ఆవిడ పేరు గుర్తుంటే చాలు.

ఆ రోజు సాయంత్రం మాగాయ ముక్కలు లోపలపెట్టాక, గోంగూర కట్టలు ముందేసుకుని వదినా నేనూ కూర్చున్నాం. నేనే మేనకోడల్ని పిలిచి, "ఒక కథ తెచ్చి చదవవే, చేతులు ఖాళీలేవు, చెవులున్నాయి" అన్నాను. సిగ్గుపడింది. తల్లి వైపు చూసింది. వదిన ఏమీ అనలేదు, ఆకు తుంచుతూనే ఉంది. అది లోపలికి వెళ్ళి ఫోను తెచ్చింది. ఈ కాలం పిల్లలు ఫోనులోనే రాస్తారు, కాగితం దొరుకుతుందన్న భయం లేదు! దివిసీమలో ఒక ముసలమ్మ కథ అది. 1977 నవంబరు ఉప్పెనలో పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి. ఇప్పటికీ కాలవకి నీళ్ళు వదిలిన రోజు ఇంట్లో అన్ని గిన్నెలూ బోర్లించి పెడుతుంది. అది చదువుతూ ఉంటే నాకు చేతిలో ఆకు కదల్లేదు.

కథలో కాలవకి నీళ్ళు ఏప్రిల్లో వదిలినట్టు రాసింది. అయిపోయాక కాసేపు ఎవరం మాట్లాడలేదు. అప్పుడు వదిన గోంగూర కాడలు ఒళ్ళోంచి దులుపుకుని, "ఏప్రిల్లో నీళ్ళెక్కడివే? దుక్కులకి వదిలేది జూన్‌లో కదూ! అది మార్చు. ఆ ముసలమ్మ గిన్నెలు బోర్లించేది రాత్రా, పొద్దున్నా? అది సరిగా చెప్పలేదు నువ్వు. మళ్ళీ మొదటినుంచి చదువు" అంది.